ట్రాక్టర్ ఒకరిది, రంపం ఒకరిది

ఆర్వో నిస్కలకు మాట్లాడటం రాదని ఎవరూ అనరు. మాట్లాడాల్సిన చోట మాట్లాడటం రాదని మాత్రం ఊళ్ళో అందరూ అంటారు. చర్చి కింది హాల్లో కాఫీ కప్పు చేతికొస్తే చాలు, పక్కవాడి మీద ఒక ఛలోక్తి విసరనిదే అతనికి ఆ కాఫీ గొంతు దిగదు. అదే మనిషి, భార్య సైమా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున గుమ్మంలో నిలబడి, ఆమె చేతిలోని సంచి అందుకుని, "ఆవులు బాగానే ఉన్నాయి" అన్నాడు. ఆమె లేని ఆ మార్చి నెలంతా అతను లోలోపల ఎంత కుమిలిపోయాడో ఆ ఆవులకే తెలుసు.

ఆ ఏడు చలికాలం కదలనని మొండికేసింది. కిటికీల నడుము దాకా మంచు ఉండగానే కట్టెల కొట్టం ఖాళీ అయి నేల బయటపడింది. పెరట్లో కొత్తగా కొట్టిన బర్చ్ చెట్ల దుంగల గుట్ట ఉంది గానీ, పచ్చి బర్చ్ పొయ్యిలో పెడితే ఏడుస్తుందే తప్ప కాలదు. ఆర్వో పాత కంచె కర్రలు కాల్చాడు, దొడ్డి తలుపు కాల్చాడు, చివరికి ఆవిరి స్నానం చేసే సౌనా గదిలో కూర్చునే బల్ల కూడా కాల్చాడు. ఫిన్లాండు నుంచి వచ్చిన వాళ్ళ బిడ్డ సౌనా బల్ల కాల్చుకున్నాడంటే ఇక మానం మర్యాదా గంగలో కలిసినట్టే. అయినా ఇల్లు వేడెక్కలేదు. సైమాకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, మనిషి చావు తప్పి బయటపడింది.

ఇంటికి వచ్చాక ఆమె ఏడవలేదు, అరవలేదు. కాఫీ పోస్తూ మామూలుగా చెప్పింది.

"ఇంకో చలికాలం ఇలా గడిపే ఓపిక నాకు లేదు ఆర్వో. అక్టోబరు నాటికి కొట్టం నిండకపోతే మా హిల్యా దగ్గరికి పోతాను. బెదిరింపనుకోకు, ముందే చెబుతున్నాను, అంతే."

హిల్యా ఆమె చెల్లెలు. పట్నంలో ఒక కొట్టు పైన ఒంటి గదిలో ఉంటుంది. ఆ గదిలో గోడ పక్కన ఇనుప గొట్టాల్లో ఆవిరి తిరుగుతూ రాత్రీ పగలూ వెచ్చగా ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఇరుక్కుని పడుకోవచ్చు. మగాడికి, ఆవులకి అక్కడ చోటు లేదు.

"నిండుతుంది," అన్నాడు ఆర్వో. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు.

నిండకపోవడానికి ఏముంది? ఆ కొట్టం నలభై ఏళ్ళుగా ఏటేటా నిండుతూనే ఉంది. మంచు పడ్డాక చెట్లు కొట్టడం, కొమ్మలు నరికేసిన నిలువు దుంగల్ని గొలుసులు కట్టి ట్రాక్టర్‌తో మంచు మీద ఈడ్చుకు రావడం, మే నెలలో రంపం పెట్టి మొద్దులు కోయడం, గొడ్డలితో చీల్చి పేర్చడం, వేసవి ఎండకి ఎండబెట్టడం. నిస్కల వాళ్ళకి ఇది జపం లాంటిది. ఆ భూమిలో పొయ్యికి పనికొచ్చే చెట్టు బర్చ్ తప్ప మరోటి లేదు. మేపుల్ చెట్లన్నీ వీళ్ళ నాన్న అక్కడికి రాకముందే గనుల వాళ్ళు కొట్టి పట్టుకుపోయారు. మిగిలిన బోడి నేల మీద తెల్ల బెరడు బర్చ్ తనంతట తను మొలిచింది.

బర్చ్‌తో ఒక పేచీ ఉంది. దాని బెరడు నీళ్ళని లోపలికి రానివ్వదు, లోపలి నీళ్ళని బయటికి పోనివ్వదు. మే దాటకుండా కోసి చీల్చితే అంత మంచి కట్టె ఇంకోటి లేదు. దుంగని దుంగగానే వేసవంతా వదిలేస్తే పైకి పెళ్ళికూతురిలా తెల్లగా మెరుస్తూనే లోపల కుళ్ళిపోతుంది. ఆ చుట్టుపక్కల పొలాల్లో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. ఆర్వోకి తెలియదా అంటే, అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

మరి అడ్డం ఏమిటి? అడ్డం వాళ్ళ నాన్న పెట్టి పోయాడు, ఆయన పేరు హైక్కి. ఆ ముసలాయన పోయేముందు ఇద్దరు కొడుకుల్నీ మంచం దగ్గర నిలబెట్టి పంపకం చేశాడు. పొలం చెరి సగం. ట్రాక్టర్ పెద్దవాడు ఆర్వోకి. ట్రాక్టర్ చక్రానికి బెల్టు తగిలిస్తే తిరిగే పెద్ద రంపం, దాని బల్ల, చిన్నవాడు తౌనోకి. ఒకరు లేకుండా ఒకరి పొయ్యి వెలగకూడదని ఆయన ఉద్దేశం. పిల్లలు కొట్టుకోకుండా కాళ్ళు కలిపి కట్టినట్టు కట్టాడు. మే నెల మొదటి సోమవారం ట్రాక్టర్ తౌనో ఇంటికి వెళ్ళాలి, రంపాన్ని తగిలించుకుని రావాలి, ఇద్దరి కట్టెలూ కోయాలి. అది ఆయన పెట్టిన వరస. ఆయన పోయాక కూడా ఆ సోమవారం ఒక్కసారీ తప్పలేదు.

ఆ రంపం దగ్గరే చాలా ఏళ్ళ కిందట తౌనో ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. అన్న దుంగని తోస్తాడు, తమ్ముడు తెగిన మొద్దుని అందుకుంటాడు, అది వాళ్ళ అలవాటు. ఒక తడి రోజున బెల్టు జారింది, చెయ్యి జారింది. తప్పు ఎవరిదీ కాదు. తౌనో మంచి మనిషి, చేతికి గుడ్డ చుట్టుకుని మిగిలిన దుంగలు కూడా కోసి వెళ్ళాడంటారు. ఆ తరువాత నుంచి ఆర్వోకి ఒక ఛలోక్తి దొరికింది. "మా తౌనోని ఎనిమిది దాటి ఏదీ అడక్కండి, వేళ్ళు చాలవు" అంటాడు. పెళ్ళిళ్ళలో అన్నాడు, చావు భోజనాల్లో అన్నాడు, ఊరి గని మూతపడ్డ రోజున దాని గేటు ముందు నిలబడి కూడా అన్నాడు. తౌనో ప్రతిసారీ నవ్వాడు. నవ్వేవాడికి నొప్పి ఉండదని ఆర్వో లెక్క.

ఈస్టర్ వెళ్ళిన మరుసటి ఆదివారం చర్చి కింద కాఫీలు తాగుతున్నారు. తౌనో తన కొత్త అల్లుణ్ణి అందరికీ చూపించుకుంటున్నాడు. ఆ అబ్బాయి పేరు డెన్నిస్, పట్నంలో టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, తెల్ల చొక్కా, దువ్విన తల. తౌనో ఆ రోజు కోటు వేసుకొచ్చాడు. కూతురి పెళ్ళి బాగా చేసినందుకు అతని ముఖం వెలిగిపోతోంది. ఆర్వో పుల్లా అనే తీపి రొట్టె కాఫీలో ముంచుతూ అల్లుడి భుజం తట్టాడు.

"పిల్లల్ని ఎనిమిదితో ఆపెయ్యి బాబూ. తొమ్మిదోవాణ్ణి మీ మామ లెక్కపెట్టలేడు."

డెన్నిస్ పగలబడి నవ్వాడు. అర్థం కాక మామ చేతి వైపు చూసి, అర్థమయ్యాక మళ్ళీ నవ్వాడు. నవ్వాల్సిన దానికంటే ఎక్కువసేపు నవ్వాడు. తౌనో నవ్వలేదు. ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు, కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు, టోపీ తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అతని భార్య ఐలి ఒక చేత్తో పర్సు, ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని వెంటపడింది.

ఇంటికి వచ్చాక గేటు దగ్గర సైమా, తౌనో దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పి రమ్మంది. ఆర్వో అదిరిపడ్డాడు. ఏం చెప్పాలి? ఇన్నేళ్ళుగా నవ్విన మనిషి ఈ రోజు నవ్వకపోతే తప్పు తనదెలా అవుతుంది? తెల్ల చొక్కా అల్లుడు వచ్చేసరికి తమ్ముడికి ముక్కు మీద కోపం వచ్చిందన్నాడు. వాడే చల్లబడతాడన్నాడు. మనిషి కదా, నాలుగు రోజులు చూద్దామన్నాడు.

మే మొదటి సోమవారం వచ్చింది. ఆర్వో తెల్లారకముందే లేచి ట్రాక్టర్‌కి గ్రీజు పెట్టాడు, చక్రం దగ్గర దుమ్ము తుడిచాడు, ఎక్కి కూర్చుని ఇంజను వేశాడు. కిటికీలోంచి చూస్తున్న సైమాకి ప్రాణం లేచి వచ్చింది. ఇంజను కాసేపు టకటకమని తిరిగింది. ఆగిపోయింది. ఆర్వో దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, కాఫీ ఉందా అని అడిగాడు.

"వెళ్ళలేదేం?" అంది సైమా.

"నా ఇంజను చప్పుడు వాడికి వినబడే ఉంటుంది. రావాలనుకుంటే వస్తాడు."

"ట్రాక్టర్ వెళ్ళాలి కదా రంపం దగ్గరికి. రంపం నడిచొస్తుందా?"

"కోపగించుకుని వెళ్ళింది వాడు. ఇప్పుడు నేను పోతే కాళ్ళు పట్టుకున్నట్టు ఉంటుంది."

"పట్టుకుంటే ఏం పోయింది? తమ్ముడి కాళ్ళే కదా," అంది సైమా. ఆర్వో కాఫీ తాగి దొడ్లోకి పోయాడు.

రెండిళ్ళ మధ్య ఒక పొలం, దాని చివర సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్ల వరస. చెట్ల మీదుగా తౌనో పొగగొట్టం కనిపిస్తుంది, ఇల్లు కనిపించదు. ఆర్వో రోజూ ఆ పొగ చూసేవాడు, అటు నుంచి చప్పుళ్ళు వినేవాడు. తౌనో దగ్గర చేత్తో పట్టుకునే మోటారు రంపం ఉంది, ఆర్వో దగ్గరా ఉంది. చెట్టు పడగొట్టడానికి అది చాలు. మనసుంటే దానితోనే దుంగలన్నీ మొద్దులు చేసుకోవచ్చు. నడుము విరుగుతుంది, నెల పడుతుంది, అయినా అవుతుంది. సైమా ఆ మాటా చెప్పింది. ఆర్వో ఒప్పుకోలేదు. మోటారు రంపం మొదలుపెడితే ఆ కూత చెట్ల అవతలికి వినబడుతుంది. అన్నకి ఇక నాతో పని లేదన్నమాట అని తౌనో అనుకుంటాడు. అక్కడితో తెగిపోతుంది. అటు నుంచి కూడా ఏ కూతా రావడం లేదు. వాడూ మొదలుపెట్టలేదంటే నా కోసమే చూస్తున్నాడు, ఇవాళో రేపో వస్తాడు అని ఆర్వో మురిసిపోయేవాడు. పొరపాటంతా ఆ మురిపెంలోనే ఉంది. చీకట్లో ఇద్దరు ఒకే తలుపుకి అటూ ఇటూ నిలబడి, తీసేది అవతలివాడే అనుకున్నట్టు అయింది.

ఆడవాళ్ళకి మాత్రం మాటలు ఆగలేదు. ఐలి గుడ్లు పంపేది, సైమా వెన్న పంపేది. ఫోన్లో మగవాళ్ళిద్దర్నీ చెరిగేసేవాళ్ళు. ఒకసారి వస్తే చాలట, ఏమీ అననక్కర్లేదట, వచ్చి వాకిట్లో ట్రాక్టర్ ఆపితే చాలని తౌనో అన్నట్టు ఐలి చెప్పింది. సైమా ఆ మాట తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఆర్వో చాలాసేపు ఆలోచించాడు. ఐలియే వాడి చేత అలా అనిపించి ఉంటుందన్నాడు. వాడు తన నోటితో చెప్పాలన్నాడు. తన నోటితో ఏమీ చెప్పనివాడు అవతలివాడి నోరు కోసం అలా పట్టుబట్టాడు.

జూన్ వచ్చింది, దోమలు వచ్చాయి. దుంగలకి రసం ఊరి బెరడు కింద తేమ కమ్ముకునే రోజులు. ఒక మధ్యాహ్నం పెరట్లోంచి గొడ్డలి చప్పుడు వినిపించి ఆర్వో పరిగెత్తుకొచ్చాడు. సైమా తలకి గుడ్డ కట్టుకుని, చెయ్యి అందినంత మేర దుంగల బెరడు చారలు చారలుగా చెక్కుతోంది. కోయడానికి కుదరనప్పుడు పాతవాళ్ళు చేసే పని అది. చార తీస్తే గాలి తగిలి దుంగ కొంతైనా నిలుస్తుంది. ఆమెకి ఆయాసం వస్తోంది, ఈలలాంటి చప్పుడు ఛాతీలోంచి వస్తోంది. అయినా ఆపలేదు.

ఆర్వో గొడ్డలి లాక్కున్నాడు. "ఎందుకివన్నీ? చావబోతావు. అవి రంపానికి పోయే దుంగలు."

"ఏ రంపానికి?"

చార తీసిన దుంగల్ని తౌనో చూస్తే, వీళ్ళు నా మీద ఆశ వదులుకున్నారనుకుంటాడని అతని భయం. ఆ భయం అతను నోరు విప్పి చెప్పి ఉంటే సైమా గొడ్డలి సంగతి పక్కన పెట్టి తనే తౌనో ఇంటికి నడిచేదేమో. ఆమె గొడ్డలికోసం మళ్ళీ చెయ్యి చాచలేదు. చెక్కిన బెరడు ముక్కలు ఏరుకుని, పొయ్యి అంటించడానికి పనికొస్తాయని లోపలికి పట్టుకుపోయింది.

నడివేసవి పండుగకి సరస్సు ఒడ్డున మంట వేశారు. ఆర్వో మంటకి ఇటు నిలబడ్డాడు, తౌనో అటు. మధ్యలో డెన్నిస్ రెండు వైపులా తిరుగుతూ, పెదమామగారూ బీరు తీసుకోండి అంటూ పాపం శతవిధాలా ప్రయత్నించాడు. ఆర్వోకి ఆ ఒక్క సాయంత్రం నిజంగానే వెళ్ళాలనిపించింది. మంట చుట్టూ సగం దూరం నడిచాడు. అంతలో ఎవరో పాత పాట ఎత్తుకున్నారు, తౌనో అటు తిరిగాడు. ఆర్వో వెనక్కి వచ్చేశాడు.

జూలై గడ్డి కోతల్లో పోయింది. ఆగస్టులో ఆర్వో రోజూ గుట్ట పక్కన నిలబడేవాడు. బెరడు తెల్లగానే ఉంది. అరచేత్తో తట్టి చూసేవాడు. చివర కాస్త నల్లబడితే అది వాన మరక అనుకునేవాడు. గొడ్డలితో ఒక్క దుంగ చీల్చి చూస్తే నిజం తేలిపోతుంది. అదే అతను చేయలేకపోయాడు. ఒక ఉదయం గొడ్డలి ఎత్తి మళ్ళీ దించేశాడు. లోపల ఏముందో చూడనంత వరకు మంచి కట్టెలే ఉన్నట్టు కదా. ఈ వయసులో మనిషి ఎంత తెలివితక్కువగా తనని తను మోసం చేసుకోగలడో చూడాలంటే ఆ ఆగస్టులో ఆర్వోని చూడాలి.

సెప్టెంబరు చివరి వారం గడ్డి మీద తెల్లగా మంచు పేరింది. అదే ఉదయం రోడ్డు మీంచి ఒక పికప్ ట్రక్కు మలుపు తిరిగి పెరట్లోకి వచ్చింది. డెన్నిస్ ట్రక్కు అది, కానీ నడుపుతున్నది తౌనో. వెనక రంపపు బల్ల తగిలించి ఉంది. హైక్కి పెట్టిన వరస తప్పింది. ట్రాక్టర్ రంపం దగ్గరికి పోకుండా రంపమే ట్రాక్టర్ దగ్గరికి వచ్చింది.

ఆర్వో దొడ్లోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. తౌనో దిగాడు. అతను సన్నబడ్డాడు, లేక కోటు వదులయిందో. ఇద్దరూ రంపం వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి తౌనో, నేల గట్టిగా ఉంది, బల్ల కదలదు అన్నాడు. ఆర్వో, అవునన్నాడు. ఇంకేం మాటలు అక్కర్లేదన్నట్టు ట్రాక్టర్ తెచ్చి ఎదురుగా నిలిపాడు, బెల్టు తగిలించాడు, బెల్టు బిగిసే దాకా వెనక్కి జరిపాడు, చక్రాల కింద మొద్దులు దూర్చాడు. వసారాలో సైమా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని చూస్తోంది. ఆర్వోకి పాతికేళ్ళు తగ్గిపోయాయి. ఒక ఛలోక్తి నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాడు. అలా మింగడం అతని జీవితంలో అదే మొదటిసారి.

మొదటి దుంగ ఇద్దరూ కలిసి ఎత్తి బల్ల మీద పెట్టారు. ఆర్వో తోశాడు. మంచి బర్చ్ మీద పడితే ఆ రంపం ఊరంతా వినబడేలా అరుస్తుంది. ఇప్పుడు అరవలేదు. బుస్సుమని ఒక చిన్న చప్పుడు చేసి, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. తెల్లటి పొడి రావాల్సిన చోట తడిసిన గోధుమరంగు పొడి రాలింది. నేలమాళిగలో పాత బంగాళాదుంపల వాసన వచ్చింది. మొద్దు తౌనో చేతుల్లో పడింది. బరువు లేదు. అతను దాన్ని తిప్పి చూశాడు. తెల్ల బెరడు ఉంగరంలా గుండ్రంగా నిలిచి ఉంది, లోపల బొటనవేలు గుచ్చితే దిగిపోయే మెత్తటి గుజ్జు ఉంది.

తౌనో ఆ మొద్దుని పక్కన పేర్చాడు. ఆర్వో దుంగని ముందుకు తోశాడు. రెండో మొద్దూ అంతే. రెండో దుంగా అంతే. గుట్ట మధ్యలోంచి ఒకటి లాగారు, అదీ అంతే. ఆపుదామని ఎవరో ఒకరు అనాలి. అన్న అనలేదు, తమ్ముడు అనలేదు. ఆపితే ఏదో ఒకటి మాట్లాడాలి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒకడు తోస్తూ ఒకడు అందుకుంటూ, కాలని కట్టెల్ని పొద్దు వాలే దాకా కోశారు. బాగా కోశారు. ఒకే కొలతకి, ఒకే తీరుగా. సైమా భోజనానికి పిలిస్తే రాలేదు. ఆమె ఒకసారి వచ్చి ఒక మొద్దు చేతిలోకి తీసుకుని, మళ్ళీ వరసలోనే జాగ్రత్తగా పెట్టి లోపలికి వెళ్ళింది.

గుట్ట అయిపోయాక ఆర్వో ఇంజను కట్టేశాడు. చెవుల్లో హోరు తగ్గాక అన్నాడు.

"రేపు ట్రాక్టర్ మీ ఇంటికి తెస్తాను. నీవి కోద్దాం."

తౌనో చేతి తొడుగులు విప్పుతున్నాడు. ఎడమ తొడుగులో రెండు వేళ్ళు లోపలికి మడిచి కుట్టి ఉన్నాయి.

"అక్కర్లేదు అన్నయ్యా. నావి పోయిన వారమే చూశాను. చేతిరంపంతో ఒకటి కోశాను, తరవాత ఇంకోటి. అన్నీ ఇలాగే ఉన్నాయి."

"నువ్వూ కోయలేదా?"

"నువ్వు వస్తావనుకున్నా."

ఆర్వో ట్రాక్టర్ చక్రానికి ఆనుకున్నాడు. చప్పుడు వినబడకపోయినా తౌనో ఎలాగో కొట్టం నింపుకునే ఉంటాడనీ, వాడి కోపం తీరితే సగం బండి కట్టెలు ఇటు వస్తాయనీ, ఎక్కడో అడుగున ఒక ఆశ దాచుకున్నాడు. ఇప్పటిదాకా అది ఉన్నట్టు తనకే తెలియదు. పోయాక తెలిసింది. వాడికి ముందే తెలుసు ఈ దుంగల సంగతి. తెలిసే రంపం తగిలించుకుని వచ్చాడు.

తౌనో, ఐలి ఆ చలికాలానికి పట్నంలో కూతురి ఇంటికి పోతున్నారట. తౌనో అదీ చెప్పాడు. వసంతం వచ్చాక తిరిగి వస్తారా అని ఆర్వో అడిగితే, ఐలికి అక్కడ నచ్చితే చెప్పలేనన్నాడు. ఆవుల్ని అమ్మేస్తున్నాడు. ఆర్వో ఆవుల్ని కూడా అమ్మేయమని అతను అనలేదు, అన్నా ఆర్వో వినేవాడు కాదు. ఎండిన కట్టెలు ఎక్కడైనా దొరుకుతాయేమో అని కూడా ఇద్దరూ కాసేపు అనుకున్నారు. సెప్టెంబరు చివర ఎండు కట్టెలు ఉన్నవాడు ఎవడూ ఇవ్వడు. బొగ్గు అమ్మే కొట్టు గనితో పాటే మూతపడింది.

మర్నాడు సైమా పెట్టె దించి దులిపింది. ఆర్వో గుమ్మంలో నిలబడి చూశాడు. సైమా ఉన్ని చొక్కాలు మడిచింది, తల్లి ఫోటో వాటి మధ్య పెట్టింది. దాని పక్కన మా అమ్మ కాఫీ గిన్నె కూడా పెట్టుకోరాదా అన్నాడు ఆర్వో. గిన్నె నీకు కావాలి కదా అంది ఆమె. ఆ మాటతో అతనికి తెలిసింది, ఆమె కోపంతో వెళ్ళడం లేదని. కోపమైతే తగ్గేది.

"నేను పచ్చి చెట్లు కొట్టైనా..." అన్నాడు.

"నా ఊపిరితిత్తులు పచ్చి పొగ తట్టుకోలేవు ఆర్వో. నీకు తెలుసు."

తెలుసు. అతనికి అన్నీ తెలుసు. తెలియక చేసిన తప్పు అందులో ఒక్కటీ లేదు.

శనివారం బస్సు. ఆర్వో కారు చెడిపోయి ఏడాది దాటింది, అందుకని తౌనో అల్లుడి ట్రక్కు తెచ్చాడు. ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు, పెట్టె వెనక పడేశారు. బస్సు ఆగే చోట సైమా మరిదిని కౌగిలించుకుంది, మొగుడి కాలరు సర్ది పైబొత్తం పెట్టింది. ఆవు ఈనితే ఫోను చెయ్యమంది. ఆర్వో తలూపాడు. జాగ్రత్త అన్నాడు. అంతకంటే పెద్ద మాట అతని లోపల ఉంది, బస్సు తలుపు మూసుకునే దాకా దాన్ని వెతుకుతూనే ఉన్నాడు. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపింది. బస్సు కొండ దిగిపోయింది.

తిరుగు దారిలో సన్నగా మంచు మొదలైంది. అద్దం మీద తుడుపు పుల్ల ఆగి ఆగి కదులుతోంది. చర్చి దాటారు.

"తౌనో," అన్నాడు ఆర్వో. "ఆ రోజు హాల్లో ఆ మాట అనకూడదు నేను. నీ అల్లుడి ముందు. తప్పు నాదే."

తౌనో గేరు మార్చాడు. అతని ముఖంలో కోపం లేదు. ఉండి ఉంటే ఆర్వోకి బాగుండేది.

"మేలో వచ్చి ఇదే చెప్పి ఉంటే సరిపోయేది అన్నయ్యా," అన్నాడు. "ఆ నెలంతా పొలం గేటు తీసే ఉంచాను, నీ ట్రాక్టర్ వస్తుందని. దూడలు రెండుసార్లు రోడ్డెక్కాయి. ఐలి తిట్టింది. అయినా మూయలేదు."

"ఇప్పుడు చెబుతున్నా కదరా."

"విన్నాను," అన్నాడు తౌనో. "ఇప్పుడు కాల్చుకోవడానికేముంది?"

ఆర్వో ఇంటి మలుపు దగ్గర తౌనో ట్రక్కు ఆపాడు. కాఫీకి రమ్మంటే, సామాను సర్దుకోవాలి, ఐలి ఎదురు చూస్తుంటుంది అన్నాడు. ఆర్వో దిగి, తలుపు వేసి, ట్రక్కు మలుపు తిరిగే దాకా నిలబడ్డాడు. తరువాత ఇంట్లోకి వెళ్ళలేదు. లోపల పొయ్యి చల్లగా ఉంది. గొడ్డలి తీసుకుని, ఆ రాత్రికి సరిపడా పచ్చి బర్చ్ కొట్టుకు రావడానికి చెట్లలోకి నడిచాడు.